ఇంట్లో తాళాలు కనబడకపోతే ట్రాకర్ ట్యాగ్ పనికొస్తుందా?

పనికొస్తుంది. అయితే ఎయిర్‌ట్యాగ్ (ఆపిల్ కంపెనీ ట్రాకర్) లాంటి వాటిలో జీపీఎస్ ఉండదు. తాళాలకు తగిలించిన బిళ్లంత ట్యాగ్ బ్లూటూత్ సిగ్నల్ వదులుతుంటే మీ ఫోన్ పట్టుకుంటుంది. ఇంట్లో వెతకడానికి మ్యాప్ దండగ, మీ ఇంటినే చూపిస్తుంది! యాప్‌లో సౌండ్ బటన్ నొక్కితే ట్యాగ్ కీచుకీచుమంటుంది. ముందు ఫ్యాన్, టీవీ ఆపండి. సోఫా దిండ్ల కిందో, మాసిన బట్టల బుట్ట అడుగునో ఉంటే ఆ శబ్దం చాలా సన్నగా వస్తుంది.

ఐఫోన్ 11 నుంచి చాలా మోడళ్లలో (ఎస్ఈ లాంటివి తప్ప) ఎయిర్‌ట్యాగ్ ఎటువైపు, ఎన్ని మీటర్లలో ఉందో బాణం గుర్తుతో కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌కి మాత్రం ఎయిర్‌ట్యాగ్ కొనకండి, జతవదు. పోయిన వస్తువులు వెతికే గూగుల్ యాప్ ఫైండ్ హబ్‌తో పనిచేసే ట్యాగ్ తీసుకోండి.

ఎయిర్‌ట్యాగ్‌లోని సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ దాదాపు ఏడాది వస్తుంది. చంటిపిల్లలుంటే జాగ్రత్త, ఆ బ్యాటరీ మింగితే ప్రాణాపాయం.