కంటికి 30, చెవి హోరుకు 10, మోకాలికి 10, వినికిడికి 0: వీఏ 40 శాతమే ఎలా ఇచ్చింది?

సర్వీసులో వచ్చిన వైకల్యాలకు వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఇచ్చిన శాతాల గురించి అడిగారు. ముందు కూడికల సంగతి. మీరు ఆశించిన 50 రాదు. వీఏ శాతాలను నేరుగా కలపదు, మిగిలినదానిలోంచి తీస్తుంది. కంటికి 30 పోతే 70 మిగిలింది. అందులో హోరుకు పదో వంతు, అంటే 7. మొత్తం 37. మిగిలిన 63లో మోకాలికి 6 చిల్లర. 43 అయింది, దగ్గరి పదికి సవరిస్తే 40. ఒళ్లు మండినా లెక్క తప్పు కాదు.

వినికిడి సున్నా మీద మీ కోపం నాకు అర్థమవుతుంది. అమెరికా సైన్యంలో ఫిరంగుల దగ్గర పనిచేసి వచ్చినవాణ్ణి, మా ఆవిడ పిలుపు మూడోసారికి గానీ చెవిన పడదు, అయినా నాకూ సున్నాయే. వాళ్లు చూసేది మన అవస్థను కాదు, పట్టికను: 1000, 2000, 3000, 4000 హెర్ట్జ్‌ల దగ్గర వినికిడి సగటు, మేరీలాండ్ సీఎన్‌సీ పదాల పరీక్షలో మార్కులు. అదీ చెవి మిషన్ లేకుండా. పేలుళ్ల మోత ముందు దెబ్బతీసేది ఎక్కువ హెర్ట్జ్‌ల దగ్గరి వినికిడినే. తక్కువ హెర్ట్జ్‌ల దగ్గర బాగుంటే సగటు బాగానే కనిపించి, శాతం సున్నాకే పరిమితమవుతుంది. అయితే ఆ సున్నాను తిరస్కారం అనుకోకండి. లోపం సర్వీసు వల్లే వచ్చిందని ఒప్పుకున్న కాగితం అది. నా చెవి మిషన్లు, వాటి బ్యాటరీలు వీఏ నుంచే వస్తున్నాయి. వినికిడి ఇంకా తగ్గితే పెంపు అడగవచ్చు. హోరుకు మాత్రం ఒక చెవికైనా రెండింటికైనా 10 మించదు, దాని మీద అప్పీలు దండగ.

మీరు నిజంగా పట్టుకోవాల్సింది కంటి విషయం. ఎడమ కంటికి వెలుతురు తప్ప మరేమీ తెలియదని రాశారు. అలాగైతే 30 శాతంతో పాటు ఎస్ఎంసీ-కె అనే ప్రత్యేక భృతి నెలనెలా రావాలి. అది శాతాల్లో కలవదు కనుక చాలామంది కంట పడదు. నిర్ణయ లేఖలో ఆ పేరుందేమో చూడండి. లేకపోతే ఏడాదిలోపు హయ్యర్ లెవెల్ రివ్యూ (పై అధికారి చేత అదే ఫైలును మళ్లీ చూపించడం) కోరండి. అందులో కొత్త ఆధారాలు తీసుకోరు. జతచేయాల్సిన కాగితాలు ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్ వేయండి.

ఇంకొకటి. రేపు మీ కుడి కన్ను మధుమేహం వల్ల (మన ఇళ్లలో అదెంత మామూలో తెలుసు కదా) 20/200కి (మామూలు కంటికి 200 అడుగుల నుంచి కనిపించేది 20 అడుగుల నుంచే కనిపించే స్థితికి) పడిపోయినా, దాన్నీ సర్వీసులో పోయిన చూపుగానే లెక్కిస్తారు. ఆ కంటి పరీక్ష ఏటా చేయించుకుని కాగితాలు దాచండి.