మరో మెకానిక్ చేయి పడకముందే ఆ స్టీరింగ్‌ని పరీక్ష చేయించండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా నాన్నగారు 1994లో కొన్న మహీంద్రా పికప్ మాకు ఇంట్లో మనిషితో సమానం. మామిడికాయలు మార్కెట్‌కి వేసినా, చెల్లి పెళ్లి సామాను తెచ్చినా అందులోనే. నాన్న మూడేళ్ల కిందట పోయారు. ఆయన గుర్తుగా ఉంచుకోవాలని హైదరాబాద్‌లో పాత జీపులు మోడిఫై చేసే ఒక గ్యారేజీకి బండిని ఇచ్చాను. ఎత్తు పెంచారు, వెడల్పు టైర్లు వేశారు, పవర్ స్టీరింగ్ పెట్టారు. మొత్తం 3,80,000 రూపాయలు తీసుకున్నారు. 2,60,000 ఫోన్‌లో పంపాను, మిగతాది నగదు. బిల్లు ఇవ్వలేదు. బండి చేతికొచ్చి 20 నెలలైంది. మొదటి వారం నుంచే 50 స్పీడు దాటాక గుంతలో పడితే ముందు చక్రాలు గజగజ ఊగుతున్నాయి, స్టీరింగ్ చేతిలో నిలవడం లేదు. చాలాసార్లు తీసుకెళ్లాను. ‘చేసేద్దాం అన్నా’ అని వాట్సాప్‌లో పెడుతూ వచ్చారు. ఇప్పుడేమో ఛాసిస్ పాతది, మా తప్పేం లేదంటున్నారు. 420 కేసు పెట్టొచ్చా? మా బావమరిదికి తెలిసిన మెకానిక్ 60 వేలకి అంతా విప్పి మామూలుగా చేసేస్తానంటున్నాడు. ముందు బాగు చేయించుకుని తర్వాత కేసు వేయొచ్చా? ఆర్‌సీ ఇంకా నాన్న పేరు మీదే ఉంది.

జవాబు: బాగు చేయించకండి. పరీక్ష అయ్యేదాకా ఒక్క నట్టు కూడా కదలకూడదు.

మీ ఉత్తరంలో సగం నాన్నగారి గురించే ఉంది. కానీ వినియోగదారుల కమిషన్ ముందు తేలాల్సింది ఒక్కటే. చక్రాలు ఊగడం బండి వయసు వల్లా, గ్యారేజీ చేసిన పని వల్లా? ఆ జవాబు ఇప్పుడు బండి ముందు భాగం కింద ఉంది. మీ బావమరిది మెకానిక్ స్పానర్ పెట్టిన రోజున అది పోతుంది. ఆ తర్వాత అవతలి లాయరు అడిగేది ఒకే మాట: లోపం ఉందంటున్న భాగాలేవి? మీ చేతిలో 60 వేల ఖర్చు తప్ప చూపించడానికి ఏమీ ఉండదు.

ఈ పాత బండ్లలో ముందు యాక్సిల్ కమాన్ పట్టీల మీద కూర్చుని ఉంటుంది. ఎత్తు పెంచడానికి చాలాచోట్ల ఆ పట్టీలను యాక్సిల్ పైకి మార్చి, పట్టీ కూర్చునే దిమ్మెలను కొత్తగా వెల్డింగ్ చేస్తారు. ఆ దిమ్మె కోణం తప్పితే క్యాస్టర్ దెబ్బతింటుంది. అంటే తిరిగిన చక్రం తనంతట తాను సూటిగా వచ్చే గుణం తగ్గిపోతుంది. పైగా స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు బాగా ఏటవాలుగా దిగుతుంది. దాంతో చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా మీరు తిప్పకపోయినా స్టీరింగ్ అటూ ఇటూ లాగుతుంది. ఇవన్నీ గ్యారేజీ పనిలో లోపాలు. అలా కాకుండా చక్రం తిరిగే ఇరుసు దగ్గరి కింగ్ పిన్ బేరింగులు అరిగి, రెండు చక్రాలను కలిపే టై రాడ్ ఎండ్లు లూజయి ఊగుతుంటే వాళ్లు ‘పాత బండి’ అనగలరు. అప్పుడు కూడా మన వాదన పోదు. ముందు భాగమంతా విప్పినవాడు అరుగుదలను చూసి, మీకు చెప్పకుండా, దాని మీదే వెడల్పు టైర్లు బిగించి ఇవ్వడం సేవా లోపమే. కానీ ఏది ఏమిటో నిపుణుడు విడదీసి రాయాలి.

కాబట్టి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్న మోటారు సర్వేయర్‌తో గానీ, ఇంజినీరింగ్ కాలేజీలో ఆటోమొబైల్ విభాగం అధ్యాపకుడితో గానీ పరీక్ష చేయించండి. తేదీ, చోటు ముందుగా గ్యారేజీకి రాతపూర్వకంగా తెలియజేయండి. రాకపోతే అది వాళ్ల ఇష్టం. రేపు ‘మాకు తెలియకుండా చేయించారు’ అనే మాట మాత్రం ఉండదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 98వ నిబంధన ఉంది. స్టీరింగ్ వీల్‌లో ప్లే (చక్రాలు కదలకుండా వీల్ ఊరికే తిరిగే లూజు) 30 డిగ్రీలు దాటకూడదు, బాల్ జాయింట్లకు రబ్బరు క్యాపులు ఉండాలి, బోల్టులు, పిన్నులు గట్టిగా లాక్ అయి ఉండాలి అని అందులో ఉంది. రిపోర్టులో ఈ మూడింటినీ విడివిడిగా రాయించండి. వీల్ అలైన్‌మెంట్ ప్రింటవుట్ జత చేయించండి. వెల్డింగ్ అతుకులు, స్టీరింగ్ బాక్స్ బ్రాకెట్ దగ్గరగా ఫోటోలు తీయించండి. అవతలివాళ్లు ఈ రిపోర్టును ఒప్పుకోకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ కింద భాగాలను ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను అడగవచ్చు. అందుకే బండి ఇప్పుడున్నట్టే ఉండాలి.

గ్యారేజీ వాళ్లు ‘బండి వదిలి వెళ్లండి, ఫ్రీగా చేసిస్తాం’ అన్నా ఇదే మాట. రిపోర్టు చేతికి రాకుండా తాళాలు ఇవ్వొద్దు.

ఆ బండిని రోడ్డెక్కించడం కూడా ఆపండి. లోపం ఉందని తెలిసి ప్రమాదకరమైన బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద జరిమానా పడుతుంది. ఎవరికైనా గాయమైతే మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. పరీక్షకు టోయింగ్ బండిలో తీసుకెళ్లండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. లోపం మొదటి వారంలోనే బయటపడింది గనుక లెక్క అప్పటి నుంచే. 20 నెలలు ‘చేసేద్దాం అన్నా’ మాట నమ్మి కూర్చున్నారు, అది పెద్ద అజాగ్రత్త. హామీల వల్ల గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు చట్టంలో ఉంది గానీ, సరైన కారణం చూపాలి, ఇవ్వడం కమిషన్ ఇష్టం. దాని మీద ఆధారపడొద్దు. ఆ మెసేజ్‌ల వల్ల ఒక ప్రయోజనం మాత్రం ఉంది: లోపం మీరు ముందే చెప్పారని, అప్పుడు వాళ్లు కాదనలేదని రుజువవుతుంది. ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. ప్రింట్లతో పాటు ఫోన్‌లోని రికార్డును సాక్ష్యంగా చూపడానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ పెట్టాలి.

బిల్లు అడగకుండా 1,20,000 నగదు ఎలా ఇచ్చారండీ? ఆ రోజు బ్యాంకులో డ్రా చేసినట్టు ఉంటే స్టేట్‌మెంట్ తీయండి. మొత్తం రేటు ప్రస్తావించిన మెసేజ్ ఏదైనా ఉందేమో వెతకండి. ఏదీ దొరక్కపోతే 2,60,000 వరకే గట్టిగా నిలబడుతుంది.

420, అంటే మోసం కేసు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్. డబ్బు తీసుకునేనాటికే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. పని చేసి, చెడగొట్టి, మళ్లీ మళ్లీ సరిచేయబోయినవాడిపై అది నిలవడం కష్టం. స్టేషన్ చుట్టూ తిరిగేలోపు మీ మిగిలిన నాలుగు నెలలూ అయిపోతాయి.

మీరు అడగని విషయం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పులకు 182ఎ సెక్షన్ కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గ్యారేజీ లాయరు ఇది తప్పక ఎత్తుతాడు. అందుకే ‘ఎత్తు పెంచిన బండిని సరిగా చేసివ్వండి’ అని అడగకండి. చట్టానికి విరుద్ధమైన పనిని పూర్తి చేయించమని ఏ కమిషనూ ఆదేశించదు. కట్టిన డబ్బు వాపసు, బండిని కంపెనీ కొలతలకు తెచ్చే ఖర్చు, పరిహారం అడగండి. విప్పిన పాత స్టీరింగ్ బాక్స్, పాత కమాన్ పట్టీలు తిరిగివ్వాలని కూడా రాయించండి.

ఆర్‌సీ విషయంలో మిమ్మల్ని మందలించక తప్పదు. ఓనరు చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుడి పేరుకు మార్చుకోవాలి. మూడేళ్లు ఊరుకున్నారు. పని చేయించి డబ్బు కట్టింది మీరే గనుక ఫిర్యాదుకు ఇది అడ్డు కాదు. కానీ చనిపోయినవారి పేరున కట్టే ఇన్సూరెన్సుతో క్లెయిమ్ దగ్గర గొడవ తప్పదు. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం పట్టుకుని ఈ వారమే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. మార్పుల సంగతి దాచకుండా, బండిని మునుపటి స్థితికి తెస్తున్నానని రాతపూర్వకంగా చెప్పండి.

రిపోర్టు రాగానే 15 రోజుల గడువుతో లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపించండి, డెలివరీ రుజువు దాచుకోండి. హైదరాబాద్ వెళ్లక్కర్లేదు, మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలలోపే గనుక కోర్టు ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. బండిని సొంత తోట పనికి వాడతానని స్పష్టంగా రాయండి, కిరాయికి తిప్పి ఉంటే అది మీ లాయరుకు ముందే చెప్పండి. నోటీసుకు జవాబు వచ్చినా రాకపోయినా, 22వ నెల దాటకుండా ఫిర్యాదు లోపల పడాలి.