హైదరాబాద్ పిల్లాడు ఐస్ హాకీలో ప్రొఫెషనల్ కాగలడా? మా మేనల్లుడి విషయంలో నేను చూసింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. బాబుకి పదమూడేళ్లు, నాలుగేళ్లుగా ఇన్‌లైన్ హాకీ (చక్రాల స్కేట్స్ మీద ఆడేది) ఆడుతున్నాడు, ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే అతిపెద్ద ఐస్ హాకీ లీగు) వీడియోలు చూసి ఇప్పుడు ఐస్ హాకీ ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు, కెనడాలో మీ బంధువుల దగ్గరికి పంపితే కెరీర్ ఉంటుందా, చదువు పాడవుతుందా అని అడిగారు. నాకు తెలిసినంతలో చెబుతాను.

మా అక్కావాళ్లు కెనడాలోని ఎడ్మంటన్‌లో స్థిరపడ్డారు. నేనూ ఉద్యోగం మీద వెళ్లి వాళ్లింటికి దగ్గర్లోనే ఆరేళ్లు ఉన్నాను. మేనల్లుడు ఐదేళ్లప్పుడే స్కేట్స్ కట్టాడు. బావగారిది షిఫ్టు డ్యూటీ కావడంతో తెల్లవారుజాము ప్రాక్టీసులకు చాలాసార్లు నేనే తీసుకెళ్లేవాణ్ణి. బయట మైనస్ ఇరవై ఐదు. ఐదున్నరకల్లా రింకులో ఉండాలి. లేసులు బిగించడం నా పని. లేసు వదులుగా ఉంటే మడమ లోపల కదులుతుంది, మడమ కదిలితే బ్లేడు అంచు మంచును పట్టదు. నా వేళ్లు నొప్పి పుట్టేదాకా లాగితే, "మామయ్యా, ఇంకొంచెం" అనేవాడు. పదమూడేళ్లు వచ్చేసరికి వాడికి మంచు మీద ఎనిమిది సీజన్లు అయిపోయాయి. వాడి జట్టులో అందరూ అంతే.

మీ బాబు విషయంలో అసలు లెక్క ఇదేనండీ. ప్రతిభ ఉందా లేదా అన్నది తర్వాత. పదిహేనేళ్లు వచ్చేలోపు మంచు మీద ఎన్ని గంటలు గడుపుతాడు? మన ఊళ్లో 60 మీటర్ల పొడవున్న పూర్తి సైజు ఐస్ రింకు లేదు. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర స్నో వరల్డ్‌లో మంచులో ఆడుకోవచ్చు గానీ అది హాకీకి పనికొచ్చేది కాదు.

ఇన్‌లైన్ నుంచి ఐస్‌కి మారడం ఎలా ఉంటుందో మా అమ్మాయి దగ్గర చూశాను. ఇందిరా పార్కు రింకులో మూడేళ్లు నేర్చుకుంది, బాగా ఆడుతుంది. ఒకసారి సెలవుల్లో గుర్గావ్‌లో మాల్ లోపలుండే ఐస్ రింకుకి తీసుకెళ్లాను. ఐస్ స్కేట్ బ్లేడు కింద నిలువునా సన్నటి గాడి ఉంటుంది, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఆగాలంటే రెండు పాదాలూ ఒక్కసారి అడ్డంగా తిప్పి ఆ అంచులతో మంచును గీకాలి. చక్రాల మీద అలా ఆగడానికి లేదు, అక్కడ వేరేగా అలవాటవుతుంది. మా అమ్మాయి తనకి అలవాటైన వేగంతో వచ్చి, అలవాటైన పద్ధతిలో ఆగబోయి, నేరుగా పోయి గోడకి తగిలింది. మొదటి రోజంతా అదే. మూడో రోజు సాయంత్రం మొదటిసారి బ్లేడు కింద నుంచి తెల్లటి పొడి లేచింది. "నాన్నా, చూశావా!" అని అది అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కాబట్టి నాలుగేళ్ల ఇన్‌లైన్ వృథా అనుకోకండి. స్టిక్ పట్టడం, తల ఎత్తి ఆడటం, పాస్ ఎటు వెళ్లాలో ముందే చూడటం అన్నీ పనికొస్తాయి. పాదాల పని మాత్రం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి.

ఇంకొకటి, దీన్ని తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. ఇన్‌లైన్ హాకీలో బాడీ చెకింగ్, అంటే ఒంటితో గుద్ది ఎదుటివాణ్ణి పక్ (బంతి బదులు వాడే గుండ్రటి బిళ్ల) నుంచి తప్పించడం, ఉండదు. కెనడాలో 2013 నుంచి పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకి కూడా దాన్ని తీసేశారు. పోటీ జట్లలో పదమూడు దాటాక మొదలవుతుంది. అంటే సరిగ్గా మీ బాబు వయసులో. దెబ్బ ఎలా కాచుకోవాలో నేర్పకుండా ఆ వయసు పిల్లాణ్ణి అక్కడి జట్టులోకి దింపితే తలకి, మెడకి ప్రమాదం. ఈ ఒక్క విషయంలో తొందరపడకండి.

ఇక కెరీర్ ఎలా నడుస్తుందంటే, అక్కడ పద్నాలుగు, పదిహేనేళ్లకే జూనియర్ జట్లు పిల్లల్ని ఎంచుకుంటాయి. కెనడియన్ హాకీ లీగ్ కింద మూడు లీగులు, మొత్తం 60కి పైగా జట్లు. పదహారేళ్లకి పిల్లాడు ఇల్లు వదిలి వేరే ఊళ్లో జట్టు చూపించిన కుటుంబం దగ్గర ఉంటాడు. వాళ్లని బిలెట్ ఫ్యామిలీ అంటారు. మనవాళ్లు పదో తరగతి అవ్వగానే పిల్లల్ని ఇంటర్ హాస్టల్లో వేస్తారే, దాదాపు అలాంటిదే. ఉదయం స్కూలు, మధ్యాహ్నం ప్రాక్టీసు, శుక్ర, శనివారాలు మ్యాచ్‌లు. చదువు ఆగదు. ఈ లీగుల్లో ఆడిన ప్రతి సీజన్‌కీ ఒక ఏడాది కాలేజీ ఫీజు స్కాలర్‌షిప్‌గా వస్తుంది, దానికి గడువులూ షరతులూ ఉంటాయి. ఇదివరకు ఈ లీగుల్లో ఆడితే అమెరికా ఎన్‌సీఏఏ కాలేజీ హాకీకి దారి మూసుకుపోయేది. 2025-26 సీజన్ నుంచి అదీ తెరిచారు.

పద్దెనిమిదికి ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడం. 32 జట్లు, ఏడు రౌండ్లు, ప్రపంచం మొత్తం మీద 224 మంది. అందులో పేరు వచ్చినా పెద్ద లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడని వాళ్లు ఎంతోమంది. చిన్న వయసులో సంతకం చేస్తే మొదటి కాంట్రాక్టు మూడేళ్లు. సాధారణంగా అందులో రెండు జీతాలు రాసుంటాయి. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకి ఒకటి, కింది లీగు ఏహెచ్‌ఎల్‌కి పంపితే అంతకన్నా బాగా తక్కువ ఇంకొకటి. దాని కింద ఈసీహెచ్‌ఎల్. టీవీలో మనకి కనబడేది పై మెట్టు మాత్రమే. యువ ఆటగాళ్లలో ఎక్కువమంది బతుకు మాత్రం ఆ కింది మెట్ల మీదే గడుస్తుంది.

మా వాడు అక్కడి దాకా వెళ్లాడు. జూనియర్ ఏ (ఇందాక చెప్పిన మూడు లీగుల కింది మెట్టు) స్థాయిలో ఇరవై ఏళ్ల వరకు ఆడి, తర్వాత అమెరికాలో ఒక చిన్న ప్రొఫెషనల్ జట్టులో చేరాడు. వారం వారం జీతం, అదీ సీజన్ ఉన్నన్నాళ్లే. ఉండటానికి ఇల్లు జట్టే ఇచ్చింది, ఒక్కో ఫ్లాట్‌లో ముగ్గురు. మ్యాచ్ అయ్యాక రాత్రంతా బస్సు, సీట్ల మధ్య నేల మీద పరుపు వేసుకుని పడుకునేవాళ్లు. మోకాలు వాచినా చెప్పేవాడు కాదు, చెబితే ఆ చోటు ఇంకొకడికి పోతుందని. రెండో సీజన్ మధ్యలో ఒక మంగళవారం కోచ్ గదిలోకి పిలిచి రిలీజ్ చేస్తున్నాం, అంటే జట్టులోంచి తీసేస్తున్నాం అన్నారు. మాట్లాడింది నాలుగు నిమిషాలట. వాడు ముందు వాళ్లమ్మకి కాదు, నాకు ఫోన్ చేశాడు. అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేశాను, ఇక్కడ అర్ధరాత్రి. "మామయ్యా, డిక్కీలో బ్యాగు పట్టట్లేదు, స్టిక్స్ అడ్డంగా వస్తున్నాయి" అన్నాడు. పది నిమిషాలు ఆ బ్యాగు గురించే మాట్లాడాడు. నేను వింటూ కూర్చున్నాను.

ఇప్పుడు వాడికి పాతికేళ్లు. డిగ్రీ పూర్తి చేస్తున్నాడు, సాయంత్రాలు తొమ్మిదేళ్ల పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాడు. ఆ రెండేళ్లూ వద్దనుకుంటావా అని అడిగాను. లేదన్నాడు, ఆలోచించకుండా.

నిరుత్సాహపరచడానికి ఇదంతా చెప్పడం లేదండీ. అర్ష్‌దీప్ బైన్స్ గురించి బాబుకి తప్పక చెప్పండి. బ్రిటిష్ కొలంబియాలోని సర్రీలో పెరిగిన పంజాబీ కుర్రాడు. డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. అయినా జూనియర్‌లోనే ఉండి 2021-22లో వెస్టర్న్ హాకీ లీగ్‌లో 112 పాయింట్లతో (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి) అందరికన్నా పైన నిలిచాడు. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వ్యాంకూవర్ కనక్స్ కాంట్రాక్టు ఇచ్చింది. రెండేళ్లు ఎదురుచూసి 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగు పెట్టాడు. 2025లో అతని ఏహెచ్‌ఎల్ జట్టు అబాట్స్‌ఫర్డ్ ఆ లీగు ట్రోఫీ కాల్డర్ కప్ గెలిచినప్పుడు కోచ్ మానీ మల్హోత్రా, ఆయన తండ్రిదీ మన దేశమే. వాళ్లందరి కంటే ముందు 1989లో భారత మూలాలున్న రాబిన్ బావా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు. కానీ వీళ్లంతా కెనడాలో పుట్టి, అక్కడి మంచు మీద పెరిగినవాళ్లని గుర్తుంచుకోవాలి.

బంధువుల దగ్గరికి ఒక్కణ్ణే పంపడం నాకు ఇష్టం లేదు. వాళ్లు ఎంత ప్రేమగా చూసుకున్నా, వారానికి నాలుగు రోజులు చీకట్లో లేచి బండి తీసేదెవరు? ఆ పని చేసినవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. కుటుంబమంతా ఎలాగూ వెళ్తుంటే అది వేరే సంగతి.

ఇక్కడ ఉండి చేయగలిగింది ఉంది. మన దేశం 1989 నుంచి అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో సభ్యురాలు. పురుషుల జట్టు 2009లో, అమ్మాయిల జట్టు 2016లో అంతర్జాతీయ మ్యాచ్‌లు మొదలుపెట్టాయి. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన అమ్మాయిలు కాంస్యం తెచ్చారు. ఆటగాళ్లలో ఎక్కువమంది లద్దాఖ్‌వాళ్లు, చాలామందికి ఆర్మీ, ఐటీబీపీ ఉద్యోగాలే ఆధారం. దక్షిణాది పిల్లాడికి ఆ జట్టులో చోటు కష్టం, కానీ ఎన్‌హెచ్‌ఎల్ అంత దూరం కాదు. మన తెలంగాణ అమ్మాయి తాళ్లూరి నయన శ్రీ 2025లో లేహ్‌లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో ఐస్ మీద స్పీడ్ స్కేటింగ్‌లో బంగారం గెలిచింది కదా. డెహ్రాడూన్‌లో హిమాద్రి ఐస్ రింకు కూడా చాలా ఏళ్ల తర్వాత 2025లో మళ్లీ మొదలైంది. సెలవుల్లో ఐస్ ఉన్నచోట రెండు వారాలు ఉండేలా చూడండి. చలికాలంలో లేహ్ వెళ్తే అది 3,500 మీటర్ల ఎత్తు, మొదటి రెండు రోజులు స్కేట్స్ ముట్టుకోనివ్వకండి. రోజూ గోడకి తగిలి పడి, మళ్లీ మర్నాడు తనే ముందు లేచి బ్యాగు సర్దుకుంటే, అప్పుడు తర్వాతి సంగతి మాట్లాడుకుందాం.

ఈ జవాబు పంపేముందు మేనల్లుడికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఒక్కటి అడగమన్నాడు. బాబు స్టిక్ ఎంత పొడవుంది? స్కేట్స్ వేసుకుని నిలబడి స్టిక్‌ని ముందు నిలువుగా పెట్టుకుంటే గడ్డం దగ్గరికి రావాలట. ఈ వయసులో పిల్లలు గబగబా పొడుగవుతారు, స్టిక్ పాతదే ఉండిపోతుంది, నడుము వంచి ఆడటం అలవాటైపోతుంది. ఈ రాత్రే ఒకసారి కొలిచి చూడండి.