వరద గుర్తుంది, పాఠం గుర్తుండట్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఇంట్లోకి వచ్చిన రాత్రి, ఖాళీ గ్యాస్ బండ నీళ్ళలో తేలుతూ తలుపుకి ఠంగ్ ఠంగ్‌మని కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. డీఎస్సీకి రాత్రి చదివింది మాత్రం తెల్లారేసరికి ఉండట్లేదు. నా మెదడులో ఏదైనా లోపమా?

జవాబు: లోపమేం లేదమ్మా, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. నీళ్ళు గుమ్మం దాటగానే గుండె దడదడలాడి ఉంటుంది కదా, అది అడ్రినలిన్ పని. అదే సమయంలో మెదడులో నారడ్రినలిన్ అనే రసాయనం ఊరి, భయాన్ని పసిగట్టే అమిగ్డాలాను లేపుతుంది. అది పక్కనున్న, జ్ఞాపకాలు తయారుచేసే హిప్పోక్యాంపస్ చేత ఆ సంఘటనను గట్టిగా ముద్ర వేయిస్తుంది. 1994లో అమెరికాలో కాహిల్, మెక్‌గా అనే శాస్త్రవేత్తలు కొందరికి ఈ రసాయనాల పనిని అడ్డుకునే ప్రొప్రనలాల్ మాత్ర ఇచ్చి, ఒక పిల్లాడికి ప్రమాదం జరిగిన కథ చెప్పారు. వారం తర్వాత అడిగితే, మాత్ర వేసుకోనివాళ్ళకి ప్రమాదం ఘట్టం బాగా గుర్తుంది, వేసుకున్నవాళ్ళకి అదీ మిగతా కథలాగే ఉంది. (ఇది బీపీకి వాడే మందే, దయచేసి ఎవరూ సొంతంగా మింగకండి.)

పాఠానికి అంత భయం ఉండదు, ఉండకూడదు కూడా. దానికి దారి వేరు. 2000లో నోబెల్ అందుకున్న ఎరిక్ కాండెల్ సముద్రపు నత్త మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. తోకకి ఒక్కసారి షాక్ ఇస్తే నత్తకి అది నిమిషాలే గుర్తుంది, విరామమిస్తూ పదేపదే ఇస్తే రోజుల తరబడి ఉంది. మొదటిదానికి నరాల కణంలో ఉన్న ప్రొటీన్లలో చిన్న మార్పు సరిపోతుంది, రెండోదానికి జన్యువులు మేల్కొని కొత్త ప్రొటీన్లు తయారై, కణాల మధ్య కొత్త లంకెలు మొలవాలి. అందుకు టైం పడుతుంది. అందుకే ఒకే రాత్రి నాలుగు గంటలు కూర్చునే బదులు అదే పాఠాన్ని ఇవాళ కాసేపు, రేపు కాసేపు, నాలుగు రోజులాగి మళ్ళీ, పుస్తకం మూసి మీకు మీరే ప్రశ్నలు వేసుకుంటూ చదవండి. నిద్ర మాత్రం తగ్గించుకోవద్దు, పగలు చదివింది స్థిరపడేది చాలావరకు అప్పుడే. పరీక్ష హాల్లో కంగారుపడితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి వచ్చిందే గుర్తురాదు, కాబట్టి పరీక్ష ముందు రాత్రి కొత్త పాఠం ముట్టుకోకండి.

ఇక ఆ బండ చప్పుడు. దానివల్ల నిద్ర పాడవుతుంటే మొహమాటపడకుండా మానసిక వైద్యులకి చూపించుకోండి. తలుచుకున్నప్పుడు పాత జ్ఞాపకం కాసేపు మెత్తబడి మళ్ళీ గట్టిపడుతుందని 2000లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది, అంటే ఆ ముద్ర ఎప్పటికీ మారదనేం లేదు, భయం తగ్గించే చికిత్సలు కూడా ఉన్నాయి.