పరధ్యానంగా ఉండే పిల్లాడికి సమ్మర్ క్యాంప్‌లో స్నేహితులు దొరుకుతారా?

మీ బాబు మూడో తరగతి, ఎప్పుడూ ఏదో లోకంలో ఉంటాడు, వీధిలో పిల్లలు ఆడించుకోవట్లేదు, సమ్మర్ క్యాంప్‌లో వేస్తే నలుగురితో కలుస్తాడా అని అడిగారు. కలవడండీ. ఆ డబ్బు దాచుకోండి. నలభై మంది పిల్లలు, ఇద్దరు మాస్టర్లు, ఒక మైకు ఉన్న చోట ఇలాంటి పిల్లాడు ఇంకా కనిపించకుండా పోతాడు. ఎవరికీ అడ్డు రాడు కాబట్టి చివరి రోజు వాడికీ ఒక సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తారు, అంతే.

మా అమ్మాయిదీ ఇదే వరస. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య, ఆ మాట అనగానే మనవాళ్లకి సోఫాల మీద దూకే మగపిల్లాడే గుర్తొస్తాడు గానీ, గెంతులేవీ లేకుండా పరధ్యానమే ఎక్కువగా ఉండే రకం కూడా ఉంది, ఆడపిల్లల్లో అది ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. గోల చేసే పిల్లాడినైతే తోటివాళ్లు తరిమేస్తారు. ఇలాంటివాళ్లని తరమరు, అసలు ఉన్నట్టే లెక్కెయ్యరు. ఆటలో అరటిపండు అంటాం చూడండి, అదీ.

విజయవాడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఓ ఆదివారం ఏడుపెంకులాట. ఈ రోజుల్లో పెంకులెక్కడివి, టైల్స్ ముక్కలు పేర్చారు. నేను మోటార్ వేయడానికి దిగి మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నా. అవతలి జట్టు పెంకులు పడగొట్టింది, వాళ్లు మళ్లీ పేర్చేలోపు వీళ్లు బంతితో కొట్టాలి. బంతి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా మా పిల్ల కాళ్ల దగ్గర ఆగింది. తీసింది. "వెయ్ వెయ్" అని జట్టంతా అరుపులు, అవతలివాడు గబగబా పేర్చేస్తున్నాడు, ఇదేమో ఆ టెన్నిస్ బంతిని వేళ్ల మధ్య తిప్పుతూ దాని మీదున్న తెల్ల గీత వెంట బొటనవేలు పోనిస్తోంది, ఒక చుట్టు, ఇంకో చుట్టు. అవతలివాళ్లు గెలిచామని కేకలు పెట్టాక తలెత్తి, వాళ్లతోపాటు తనూ చప్పట్లు కొట్టింది. ఓడిపోయింది తన జట్టే! "కావాలనే చేసిందిరా, పొగరు దీనికి" అన్నాడు వాళ్ల లీడరు. పైకొచ్చాక ఏమైందే అని అడిగితే, "అది రెండు గీతలు కాదమ్మా, ఒకటే, ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగొస్తుంది" అని ఎంత సంబరంగా చెప్పిందో. మర్నాడు కిందికెళ్తే "టీమ్ ఫుల్" అన్నారు. ఎందుకన్నారో దానికి అర్థం కాలేదు.

మీరు గమనించండి, ఈ పిల్లలకి మనుషులంటే ఇష్టమే. చిక్కంతా వేగం దగ్గరే. పిల్లల ఆటలో రూలు మధ్యలో మారిపోతుంది, "ఇప్పట్నుంచి తెల్ల కారుకి తగిలితే ఔట్" అని ఎవడో అరుస్తాడు, అది చెవిన పడనివాడు కాసేపట్లో తొండి ఆడినవాడైపోతాడు. మాటల్లోనూ అంతే. ముగ్గురు మాట్లాడుకుంటుంటే మధ్యలో నాలుగు మాటలు జారిపోతాయి, తేరుకుని ఏదో అనేసరికి వాళ్లు ఇంకో సంగతిలో ఉంటారు, ఫక్కున నవ్వుతారు. పదే పదే అలా నవ్వితే ఏ పిల్లయినా నోరు మూసుకుంటుంది. అప్పుడు మనం "సిగ్గరి" అని పేరు పెట్టి, వెళ్లి కలువు కలువు అని వీపు మీద చెయ్యేసి తోస్తాం.

బడి సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లోనూ "వెరీ సైలెంట్, నో ప్రాబ్లం మేడమ్". లంచ్ టైమ్‌లో ఒక్కతే కూర్చుంటోందని మాకు చెప్పింది ఆయమ్మ, టీచర్ కాదు. గేమ్స్ పీరియడ్ ఉందా అంటే టైమ్‌టేబుల్లో ఉంది, మ్యాథ్స్ సార్ తీసుకుంటారు. పిల్లలు ఒకరితో ఒకరు మసలుకోవడం నేర్చుకునేది ఆ గంటలోనే కదా, దాన్నీ లెక్కలకి ఇచ్చేస్తే ఎలా! పరీక్షలో కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వమంటే సర్టిఫికెట్ తెమ్మన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు రాశారు, ఆటిజం ఉంది, చదువు సంబంధమైన లెర్నింగ్ డిజేబిలిటీ ఉంది, ఏడీహెచ్‌డీ పేరు మాత్రం లేదు. ఇక ఏ సర్టిఫికెట్ తేవాలి?

ఇంట్లో మా అత్తగారు "వాళ్ల నాన్నా ఇంతే, పెళ్లయ్యాక సర్దుకున్నాడు" అంటారు. మొదటి సగం నిజమే, ఇది కుటుంబాల్లో బాగా వస్తుంది. రెండో సగం నిజమో కాదో నన్నడగాలి.

మీరు ముందు చెవులు పరీక్ష చేయించండి. అలాగే, ఉన్నట్టుండి కొన్ని సెకన్లు బిగుసుకున్నట్టు చూస్తూ, తట్టినా పలక్కుండా ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి, అలా వచ్చే ఫిట్స్ కూడా ఉన్నాయి, దానికి ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష, తీస్తారు. ఏడీహెచ్‌డీ మాత్రం రక్తపరీక్షలో, స్కానింగ్‌లో తేలేది కాదు. ఇంట్లోనూ బడిలోనూ కూడా ఉందా, కనీసం 6 నెలలుగా ఉందా, 12 ఏళ్లలోపే మొదలైందా అని పిల్లల సైకియాట్రిస్టు అడిగి తెలుసుకుంటారు. మందు రాస్తే భయపడకండి, ధ్యాస నిలవడానికి పనికొస్తుంది. స్నేహితుల్ని మాత్రం అది తెచ్చిపెట్టదు.

మాకు పనిచేసింది ఒక్క పిల్ల, ఒక్క ఆట. మూడో ఫ్లోర్ అమ్మాయిని ఇంటికి పిలిచి అష్టాచెమ్మా పరిచాను. గవ్వలు చేతికొస్తే తన వంతు, వేరే చెప్పక్కర్లేదు, రూలు మధ్యలో మార్చే మొనగాడూ ఉండడు. "ముందు పేరు పిలువు, నీ వైపు చూశాకే చెప్పు" అని ఆ పిల్లకి నేర్పాను. ఇద్దరూ ఇంకా సరదాగా ఉండగానే ఆట ఆపేసి టిఫిన్ పెట్టి పంపేశాను, విసుగొచ్చేదాకా ఉంచితే రెండోసారి రారు. ఆ అమ్మాయి కాస్త పెత్తనం చేసే రకం, అందరికీ పనులు పురమాయిస్తూ ఉంటుంది, మా దానికి అలాంటిదే సరిపోయింది. మీ వీధిలోనూ ఒక పెత్తందారు తప్పకుండా ఉంటాడు, వాళ్లమ్మతో ముందే విషయం చెప్పేసి ఈ శనివారమే పిలవండి. టీవీ మాత్రం కట్టేసి ఉంచండి.