అత్త మంచం పక్కన ఉన్నదెవరు?

"మాది పర్లాకిమిడి. నాకు 46. అమ్మ చిన్నప్పుడే పోతే అన్నయ్యనీ నన్నూ మేనత్తే పెంచింది. ఆమెని టెక్కలి ఇచ్చారు. రెండేళ్ళకే మావయ్య పోవడంతో పుట్టింటికి వచ్చేసింది. నాన్నకీ బాబాయిలకీ ఎన్ని పట్టింపులున్నా, ఆమె ఉన్నన్నాళ్ళూ పండక్కి అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. చివరి మూడేళ్ళూ మంచం మీదే ఉండి, పోయిన మార్గశిరంలో వెళ్ళిపోయింది. సంవత్సరీకం విశాఖలో మా ఇంట్లో పెడదామంటే అన్నయ్య వినట్లేదు. వదిన ఒడియా మనిషి, మన పద్ధతులు ఆమెకేం తెలుసు? అత్త పలకసర్లు కూడా ఆమె మెడలోనే ఉన్నాయి. ఎక్కడ పెట్టమంటారు?"

కర్త మీ అన్నయ్య. ఆయనింట్లోనే పెడతారు. ఆ ముచ్చట అక్కడితో సరి.

ఉత్తరంలో అత్త గురించి మూడు పేజీలున్నాయి, చోటు లేక కోశాను. నౌపడ చిన్న రైలెక్కించి మిమ్మల్ని చదువుకి పంపడం, కొంగున ముడేసిన డబ్బులు, అన్నీ ఉన్నాయి. ఆ మూడేళ్ళు మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. ఒళ్ళు తుడిచిందెవరో, పక్కబట్టలు ఉతికిందెవరో రాయలేదు. రాయకపోయినా తెలుస్తూనే ఉంది లెండి.

1936లో మీ ఊరు ఒడిశాలోకి వెళ్ళింది, పక్కనున్న పాతపట్నం ఇటు మిగిలింది. అయినా రెండు భాషల్లోనూ బేరమాడుకుంటూ బతుకుతున్న ఊరది. అక్కడ పుట్టి పెరిగిన మీకు, ఇంటి కోడల్ని "ఒడియా మనిషి" అనడానికి నోరెలా వచ్చిందమ్మా? మీ అత్త ఎప్పుడైనా అందా ఆ మాట?

ఇక ఆస్తి సంగతి. తాతగారి నుంచి అత్తకి వారసత్వంగా వాటా వచ్చి ఉంటే, పిల్లలు లేరు గనక, వీలునామా కూడా రాయకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం అది ఆమె తండ్రి వారసులకే తిరిగొస్తుంది. మీ నాన్నగారు లేకపోతే అందులో మీరూ ఉంటారు. కావాలంటే వకీలుని కలవండి. పలకసర్లు మాత్రం అత్తే స్వయంగా వదిన మెడలో వేసిందని మూడో పేజీలో మీరే రాశారు. మళ్ళీ నన్నడుగుతారేం?

నేనూ ఆడపడుచునే. చుట్టపుచూపుగా వెళ్ళి "మందులు వేళకి వేస్తున్నారా" అని ఆరా తీసి బస్సెక్కేసిన పాపం నాకూ ఉంది. సేవ చేసిన మనిషి ముందు మనకి తల ఎత్తబుద్ధి కాదు. ఆ చిన్నతనం ఓర్చుకోలేక ఆమెలో తప్పులు వెతుకుతాం.

సంవత్సరీకానికి నాలుగు రోజులు ముందే వెళ్ళండి. అత్త ఆఖర్లో ఏం తినాలనుకుందో, ఎవర్ని తలుచుకుందో వదిననడగండి. మీకు తెలియని అత్త ఆమె దగ్గరుంది. కర్మ అయిపోగానే తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. ఏటిసూతకం తీరాక మొదటి లక్ష్మీవారం దాకా ఉండండి. మార్గశిర లక్ష్మీవారాలు వాళ్ళకీ మనకీ ఉన్నవే. గుమ్మంలో ముగ్గు వదిన వేస్తుంది, ఒడియా వాళ్ళ తీరున, తడి బియ్యప్పిండితో. పిండి మీరు రుబ్బి ఇవ్వండి.