నిద్ర గురించి అడుగు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడావు. మీ అత్తమ్మ వచ్చిందని మధ్యలోనే పెట్టేశావు. అందుకే ఇది రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు నెమ్మదిగా చదువుకో.

అల్లుడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడని, తలుపు గడియ మళ్లీ మళ్లీ చూసొస్తున్నాడని, పెళ్లిళ్లకు రమ్మంటే రానంటున్నాడని చెప్పావు. చిన్నోడి చేతిలోంచి గిన్నె జారి చప్పుడైతే వాడి మీద చెయ్యెత్తాడన్నావు. చివరికి, "నా మీద మనసు లేదేమో పెద్దబాపూ" అన్నావు. ఆ మాట నీ మనసులోంచి తీసెయ్. మనసు లేక కాదు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి సుబేదారుగా దిగేదాకా ఇలాంటి వాళ్లను వార్డుల్లో చాలామందిని చూశాను. భార్య ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాళ్లు. అదే భార్య చూడటానికొస్తే ఒక్క మాట మాట్లాడలేక గోడ వైపు తిరిగేవాళ్లు.

అల్లుడు కశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌లో చేశాడు కదా. అక్కడ తెల్లవారకముందే రోడ్డు తనిఖీకి బయల్దేరతారు. కాన్వాయ్ వచ్చేలోపు కల్వర్టు కింద, చెత్తకుప్పలో, కొత్తగా తవ్విన మట్టిలో బాంబు పెట్టారేమోనని ఒక్కో అడుగూ చూసుకుంటూ నడవాలి. ఆ చూపే అతన్నీ, వెనక వచ్చేవాళ్లనూ బతికించింది. ఇప్పుడు పరకాల రోడ్డు మీద బండి నడుపుతూ కూడా అదే చూపు చూస్తున్నాడు. ఇక చాలు, ఇల్లు చేరావు అని శరీరానికి ఎవరూ నేర్పలేదు. కలల్లో అదే జరగడం, గుర్తొచ్చే చోట్లకు పోకపోవడం, మనుషులంటే విరక్తి, చిన్న చప్పుడుకే ఉలికిపాటు... ఇవి నెల దాటినా తగ్గకుండా సంసారానికీ పనికీ అడ్డం పడితే డాక్టర్లు పీటీఎస్‌డీ అనుమానిస్తారు, అంటే ఘోరం చూసొచ్చిన మనసుకు తగిలి మానని గాయం. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్నే షెల్ షాక్ అన్నారు. పిరికితనమని కొందరు సైనికులను కాల్చి కూడా చంపారు. 1980లో గానీ పీటీఎస్‌డీ అనే పేరుతో అమెరికా సైకియాట్రిస్టుల వ్యాధుల పుస్తకంలోకి ఎక్కలేదు. అల్లుడికి ఉన్నది అదేనని నేను తేల్చను, అది డాక్టర్ పని. చూపించాల్సిన అవసరం మాత్రం ఉంది.

ఎలా తీసుకెళ్లాలన్నదే నీ టెన్షన్. "నీకు మనసు బాగాలేదు" అంటే రాడు. ఎందుకో చెప్తాను. ఫౌజులో మెడికల్ కేటగిరీని షేప్ అంటారు. అందులో మొదటి అక్షరం ఎస్, అది మానసిక స్థితికి. ఆ ఎస్ కింద కేటగిరీ పడిపోతే ప్రమోషన్ ఆగుతుంది, పోస్టింగ్ మారుతుంది, తోటివాళ్ల చూపు మారుతుంది. అందుకే సర్వీసంతా జవాన్లు దాచిపెడతారు, ఇంటికొచ్చాక కూడా ఆ దాపరికం పోదు. కానీ "నిద్ర పట్టడం లేదు" అని చెప్పుకోవడానికి ఏ ఫౌజీకీ సిగ్గుండదు. అక్కడి నుంచి మొదలుపెట్టు. కశ్మీర్‌లో ఏం జరిగిందని అడగకు, రాత్రి ఎలా పడుకున్నావని అడుగు. తనంతట తాను చెప్తే విను. మధ్యలో ఓదార్చకు, పక్కింటికి మోయకు. బలవంతంగా చెప్పిస్తే మేలుకంటే కీడే ఎక్కువ. ఆ కథ బయటికి తీసే పద్ధతి నేర్చుకున్నవాళ్లు వేరే ఉన్నారు.

పీడకలలో ఉన్నప్పుడు భుజం పట్టి కుదపొద్దు. ఎవరో మీద పడ్డారనుకుని చెయ్యి విసురుతాడు, అది కావాలని చేసేది కాదు. లైటు వేసి, కాళ్ల వైపు దూరంగా నిలబడి పేరు పెట్టి పిలువు. "ఇది మన ఇల్లు, నేనే, పిల్లలు పడుకున్నారు" అని నెమ్మదిగా చెప్పు. మీకు భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని బ్లాస్టింగ్ వినపడుతుంది కాబట్టి ఆ వేళ తనకు ముందే తెలిసేలా చూడు. దీపావళికి, బరాత్‌కు కూడా అంతే. హఠాత్తుగా వచ్చే చప్పుడే ఎక్కువ బాధపెడుతుంది. అలాగని జన్మంతా ఇంట్లో కూర్చోబెట్టొద్దు. తప్పించుకునే కొద్దీ భయం గట్టిపడుతుంది. మెల్లమెల్లగా ఎదుర్కోవడం థెరపీలో నేర్పిస్తారు.

క్యాంటీన్ రమ్ము సంగతి నువ్వు చెప్పలేదు, అయినా అడుగుతున్నాను. తాగితే నిద్ర తొందరగా పడుతుంది, నడిజామున తెగిపోతుంది, కలలు ఇంకా పాడవుతాయి. కోటా తెచ్చుకోవద్దని గొడవపడకు, డాక్టర్‌కు మాత్రం ఎంత తాగుతున్నాడో నిజం చెప్పండి. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చూస్తుండగానే ఆపాలి. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే నిద్రమాత్రలు అసలే వద్దు. రమ్ము తాగి ఆ మాత్ర వేసుకుంటే ఊపిరికే ప్రమాదం.

మీ అత్తమ్మ గాలి సోకిందంటోంది, తాయెత్తు కట్టిస్తానంటోంది. కట్టించనీ. ఆమె కొడుకు ఆమెకు బాధ. డాక్టర్ దగ్గరికి పోవడం మాత్రం దానికోసం ఒక్క రోజు కూడా ఆపకు. చుట్టాలకు ఒకటి గట్టిగా చెప్పు: "ఎంతమందిని చంపినవ్?" అని అడగొద్దని. హోటల్ దగ్గర కుర్రాళ్లు నవ్వుతూ అడుగుతారు. ఆ రాత్రి అతనికి నిద్ర ఉండదు. 2020లో గల్వాన్‌లో కర్నల్ సంతోష్‌బాబు అమరుడైతే తెలంగాణ అంతా కన్నీరు పెట్టింది, పెట్టాలి కూడా. ప్రాణాలతో తిరిగొచ్చి లోపల గాయంతో తిరిగేవాడి పట్ల ఆ గౌరవంలో కాస్తయినా చూపించమనండి.

ఇది చదవడం కష్టం, అయినా చదువు. "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట అంటే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అబద్ధం. అడిగితే మనిషికి బరువు దిగుతుంది. ఆ రోజు ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బాలు ఈ రోజే ఇంట్లోంచి తీయించు. సెక్యూరిటీ ఉద్యోగం కోసం తీసుకున్న తుపాకీని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమను. నేను ఫోన్ చేసి ఒప్పిస్తాను, నా మాట కాదనడు.

నీ మీదగానీ పిల్లల మీదగానీ చెయ్యి పడితే అక్కడ ఉండకు. పిల్లల్ని తీసుకుని ఇక్కడికి వచ్చేయ్, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181కి చెయ్యి. అతని గాయాన్ని అర్థం చేసుకోవాలి, దెబ్బలు తినాల్సిన పనిలేదు. చిన్నోడికి కూడా చెప్పు, నాన్నకు నిద్ర సరిగా లేదు, నీ తప్పేం లేదని. పిల్లలు తప్పంతా తమదేననుకుంటారు.

అల్లుడికి ఈసీహెచ్‌ఎస్ కార్డుంది, మాజీ సైనికుల వైద్య పథకం కార్డు. వాళ్ల పాలీక్లినిక్‌లో చూపిస్తే సైకియాట్రీకి రిఫర్ చేస్తారు. అక్కడ ఆలస్యమైతే వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానాలో సైకియాట్రీ ఓపీ ఉంది. పెన్షన్‌కు ఏమైనా అవుతుందా అని భయపడతాడు. వైద్యం చేయించుకున్నందుకు పెన్షన్ ఆగదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచుకోవడం అతని హక్కు. వైకల్య పెన్షన్ సంగతి తర్వాత సైనిక సంక్షేమ కార్యాలయంలో అడుగుదాం, ముందు మనిషి కావాలి. సెర్ట్రలిన్ లాంటి మందు రాస్తే పని కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. వారానికే తేడా లేదని, బాగైందని, ఎందుకైనా సరే సొంతంగా మానొద్దు.

నడిరాత్రి నీకే దిక్కు తోచకపోతే 14416కి చెయ్యి, అది టెలీ మానస్, మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైను. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. సైనికులకూ వాళ్ల ఇంటివాళ్లకూ పుణేలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో దాని ప్రత్యేక సెల్ కూడా 2023 డిసెంబర్‌లో తెరిచారు. అల్లుడి కోసమే కాదు, నీ కోసం కూడా చెయ్యొచ్చు. నీకూ నిద్ర లేదని నీ గొంతే చెప్తోంది.

సోమవారం పొద్దున బస్సుకు ఇద్దరూ హన్మకొండ రండి. అబద్ధం చెప్పి తీసుకురావద్దు. "నిద్ర గురించి డాక్టర్‌ను అడుగుదాం, పెద్దబాపు కూడా వెంట ఉంటాడు" అను. కార్డు, డిశ్చార్జి బుక్కు, ఇప్పుడు వేసుకుంటున్న మందుల పేర్లు రాసిన చీటీ తెచ్చుకోండి. బస్టాండ్‌లో నేనుంటాను.

మీ పెద్దబాపు
హన్మకొండ